సంతరోజు గమ్మునున్న వీధి

మా ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళకు కళ్ళకన్నా చెవులే ముందు పనిచేసేవి. జ్వరానికో దగ్గుకో నడిచివచ్చే మనిషి చెప్పుల చప్పుడు ఒక తీరు. నిండుచూలాలిని కుదుపు లేకుండా తెచ్చే బండి చప్పుడు ఇంకో తీరు. ఎద్దులను అదిలిస్తూ, మెడగంటలు అదిరిపోతుంటే, వెనక జనం పరిగెత్తుతూ వచ్చే బండి చప్పుడు వేరు. అది వినపడగానే మా కాంపౌండరు కళ్ళద్దాలు తీసి పైజేబులో పెట్టుకునేవాడు. ఒకసారి ఎవరిదో మోచెయ్యి తగిలి అద్దాలు పగిలితే, కొత్తవి అనంతపురం నుంచి వచ్చేదాకా ఆయన మందుసీసాలను ముక్కుకు ఆనించుకుని చదవాల్సి వచ్చిందట. అప్పటినుంచి ఆ అలవాటు.

పెనుకొండలోని ఆ చిన్న ఆసుపత్రిలో నేను ఆయాగా చేరింది యాభైల చివర్లో. పుట్టింది ధర్మవరంలో, మగ్గాల వీధిలో. బడికి పోలేదు. మా నాయన గుంతమగ్గంలో కాళ్ళు పెట్టుకుని పట్టు నేస్తుంటే, నేను గట్టున కూర్చుని పలక మీద అక్షరాలు దిద్దేదాన్ని. తప్పు రాస్తే ఆయన చేతుల్లో అటూ ఇటూ ఆడే నాడె ఆగేది. ఆ చప్పుడు ఆగడమే నాకు బెత్తం. ఈ రోజు ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆయన పెట్టిన భిక్షే. పెళ్ళయి హిందూపురం పోయాను. అక్కడ ఎంతో కాలం కాపురం చేసే రాత లేకపోయింది. ఒంటిదాన్నయి పెనుకొండలో మేనత్త పంచన చేరితే, పక్కింట్లో ఉండే ఈ కాంపౌండరే డాక్టరయ్యతో చెప్పి నాకు పని ఇప్పించాడు. ఆసుపత్రి వెనక ఒక గది కూడా ఇచ్చారు. అన్నం పెట్టినవాళ్ళను, నీడ ఇచ్చినవాళ్ళను నేను రోజూ తలుచుకుంటాను. వాళ్ళలో దేవుడు మొదటివాడు, కాంపౌండరు రెండోవాడు.

నా పని సూదులు ఉడకబెట్టడం, పక్కలు మార్చడం, మలమూత్రాలు ఎత్తడం, కాన్పులప్పుడు వేడినీళ్ళు అందించడం. పొద్దున్నే గోడ మీది పటానికి దణ్ణం పెట్టి, "ఈ రోజు నా చేతుల మీదుగా ఎవరికీ చెడు కానీయకు స్వామీ" అనుకుని వార్డులోకి పోయేదాన్ని. ఆ దణ్ణంలో రెండో మాట కూడా ఉండేది, పైకి అనేదాన్ని కాదు. "ఎవరి చెయ్యీ మా మీదికి లేవనీయకు."

ఆసుపత్రి పనిలో రక్తం చూడటమే కష్టమని బయటివాళ్ళు అనుకుంటారు. రక్తానికి నెల తిరక్కుండానే అలవాటు పడతాం. అలవాటు కానిది ఒకటే. మనం రోగి మీదికి వంగి ఉన్నప్పుడు మన వీపు వెనక నిలబడిన మనిషి ఏం చేస్తాడో తెలియదు. బావి తవ్వుతూ మందు పేలినవాళ్ళను తెచ్చినా, పాము కరిచినవాళ్ళను తెచ్చినా, వాళ్ళవాళ్ళు భయంతో సగం చచ్చి వస్తారు. ఆ భయం ఎక్కడో ఒకచోట పడాలి. డాక్టరయ్య మీద పడదు, ఆయన బూట్లు, ఆయన గొంతు వేరు. పడితే మా మీద పడేది. కాంపౌండరు పనిరోజుల్లో పొద్దున్నే కడుపునిండా తిని వచ్చేవాడు. "మధ్యాహ్నం ఏం గతి పడుతుందో, యెవునికి తెలుసమ్మా" అనేవాడు నవ్వుతూ. నవ్వుతూనే అనేవాడు కానీ, బండి గంటలు వినపడితే ఆయన మెడ మీద చెమట పట్టడం నేను చూశాను.

మా దగ్గర ముందు పనిచేసిన నర్సు, పెళ్ళివారి బండి బోల్తాపడిన రోజు చెంపదెబ్బ తిని, తెల్లారే రైలెక్కి వెళ్ళిపోయింది. ఆమెను నేను తప్పు పట్టను. ఆమె తరువాత మలయాళం దేశం నుంచి ఇంకో నర్సమ్మ వచ్చింది. పొట్టి మనిషి, వడివడి నడక. మెడలో సన్నని గొలుసుకు చిన్న శిలువ. నేను నా పటానికి మొక్కే వేళకు ఆమె కిటికీ దగ్గర నిలబడి తన దేవుణ్ణి తలుచుకునేది. ఇద్దరం ఒకేసారి కళ్ళు తెరిచి, ఒకరినొకరు చూసుకుని, పనిలోకి పోయేవాళ్ళం. తెలుగు తొందరగానే నేర్చింది కానీ అందులో "మీరు" అనే మాట మాత్రం ఆమెకు రాలేదు. డాక్టరయ్యను కూడా "నువ్వు రా, నువ్వు చూడు" అనేది.

"మా అత్త కూడా నన్నింత ధైర్యంగా పిలవలేదు" అని డాక్టరయ్య నవ్వేవాడు.

ఇప్పుడు చెప్పబోయే రోజు డాక్టరయ్య ఊళ్ళో లేడు. ఏదో కొట్లాట కేసులో సాక్ష్యం చెప్పడానికి హిందూపురం కోర్టుకు పోయాడు, మధ్యాహ్నం బస్సుకు వస్తానన్నాడు. ఆ రోజు సంత. పొద్దుటినుంచే మా వీధి నిండా బండ్లు, మేకలు, అరుపులు. అందుకే ఆ బండి ఆసుపత్రి గేటు దాటేదాకా మా చెవులకు అందలేదు. కాంపౌండరుకు అద్దాలు తీసే సమయం కూడా చిక్కలేదు.

సోమందేపల్లి వైపు పల్లె నుంచి వచ్చారు. బండిలో తొలిచూలు పిల్ల, పుట్టింటికి కాన్పుకు వచ్చిందట. తల ఒళ్ళో పెట్టుకుని తల్లి, బండి తోలుతూ అన్న, వెనక ఊరివాళ్ళు. పిల్ల ముఖం, కాళ్ళు ఉబ్బి ఉన్నాయి. తెల్లవారుజాము నుంచి మూర్ఛలు వస్తున్నాయి. గాలి సోకిందని ముందు ఎవరిచేతో తాయెత్తు కట్టించారు, వేపమండలతో కొట్టించారు. ఆ వేపాకులు ఇంకా కొప్పులో చిక్కుకుని ఉన్నాయి.

నర్సమ్మ కనురెప్ప ఎత్తి చూసింది, కడుపు మీద చెయ్యి వేసి చూసింది. ఇలాంటి కేసు వస్తే ముందు ఏ సూది వెయ్యాలో డాక్టరయ్య ఆమెకు చెప్పి ఉంచాడు. సూది వేసింది. చివరి గదిలోకి మార్చమంది. కిటికీ రెక్కలు మూసి, వాటి మీద దుప్పటి వేలాడదీశాం. అందర్నీ బయటికి పంపి తలుపు గడియ వేశాం.

"యాల తలుపేస్తాండారు?" అన్నాడు అన్న. పాతికేళ్ళుంటాయేమో, ఎద్దులను పొడిచే ముల్లుకర్ర ఇంకా చేతిలోనే ఉంది.

"వెలుగు వద్దు. చప్పుడు వద్దు. నువ్వు బయట," అంది నర్సమ్మ.

"మేం బయటుంటే లోపల మీరేం చేస్తారో మాకెట్ల తెలస్తాది?"

కాంపౌండరు ఆయన భుజం మీద చెయ్యి వేసి మెల్లిగా చెప్పాడు. "చూడప్పా, చప్పుడు వినపడినా, కంట్లో వెలుగు పడినా ఆయమ్మకు మళ్ళా మూర్ఛ వస్తాది. మూర్ఛ మీద మూర్ఛ వస్తే తట్టుకోలేదు. డాక్టరయ్య వచ్చి కాన్పు చేసేదాకా ఆ గది గమ్మునుండాల. అదొక్కటే ఆయమ్మకు మందు."

అన్న వరండాలోకి పోయి కూర్చున్నాడు కానీ, నమ్మినట్టు లేడు. ఊరివాళ్ళు తలా ఒక మాట అంటున్నారు. "చీకట్లో పెట్టి వైద్యం చేసేదేందప్పా?" అని ఒకరు. "డాక్టరే లేడంట, వీళ్ళే చేస్తాండారంట" అని ఇంకొకరు. తల్లి మాత్రం గోడకు ఆనుకుని, కొంగు చివర వేళ్ళకు చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది.

మా ఇనపమంచాలు ఎత్తు. పక్కన అడ్డం ఏమీ ఉండేది కాదు. గదిలో మేమిద్దరమే ఉండగా పిల్లకు మళ్ళీ మూర్ఛ వచ్చింది. ఆ నిండుకడుపుతో ఒళ్ళంతా విల్లులా వంగి, అంచుదాకా దొర్లింది. నర్సమ్మ అడ్డం పడి పట్టుకుంది. ఇద్దరి బలమూ చాలడం లేదు. మూర్ఛ తగ్గగానే నర్సమ్మ నేల వైపు చూపించి, "కింద" అంది. పరుపు నేల మీదికి లాగాను. ఇద్దరం కలిసి పిల్లను మెల్లిగా దించి పడుకోబెట్టాం.

కిటికీ రెక్కకూ చట్రానికీ మధ్య వేలెడు సందు ఉంది. దుప్పటి జారి ఆ సందు తేలింది. అన్న అక్కడ కన్ను పెట్టి చూస్తున్నాడని మాకు తెలియదు.

"కిందికి దించినారు! మా చెల్లెల్ని కిందికి దించినారు!"

ఆ కేకలో ఏముందో నాకు వెంటనే తెలిసింది. మా వైపు ఎవరూ మంచం మీద ప్రాణం పోనివ్వరు. ఇక ఆశ లేదని తెలిసినప్పుడు, ఇంటివాళ్ళే నలుగురూ కలిసి మనిషిని మంచం మీదనుంచి ఎత్తి నేల మీద పడుకోబెడతారు. మా అత్తింట్లో నేను ఆ పని కళ్ళారా చూశాను. కిందికి దించారంటే అర్థం ఒకటే. నర్సమ్మకు అది తెలియదు. నాకు తెలుసు, కానీ ఆ నిమిషాన నా కంటికి ఆనింది మంచం ఎత్తు ఒక్కటే.

వరండా అంతా ఒక్కసారి ఏడుపు లేచింది. తల్లి గుండెలు బాదుకుంది. "చంపేసినారు, సూదేసి చంపేసినారు" అని ఎవరో అన్నారు. కాంపౌండరు తలుపుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. ఆయన చొక్కా చిరిగిన చప్పుడు నాకు లోపలికి వినపడింది. తరువాత తలుపు గడియ ఊడి గోడకు తగిలింది. అన్న లోపలికి వచ్చాడు, వెనక ఇంకో నలుగురైదుగురు. ముల్లుకర్ర లేచింది. నర్సమ్మ రెండో సూది మందు ఎక్కించి చేతిలో పట్టుకుని ఉంది. ఆ గాజుసూదిని కడుపులోకి పొదువుకుని, ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. దెబ్బ ఆ చేతి మీద పడింది. నేను మధ్యలోకి పోబోతే ఎవరో నన్ను జుట్టు పట్టి గోడకేసి తోశారు.

ఆ గొడవకు, తలుపులోంచి పడిన వెలుగుకు, నేల మీద పిల్లకు మూర్ఛ వచ్చింది.

వేళ్ళు ముడుచుకున్నాయి. పళ్ళు బిగిశాయి. మెడ వెనక్కి వంగింది. నర్సమ్మ దెబ్బ తిన్న చేత్తోనే మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల తలను పక్కకు తిప్పి పట్టింది. వచ్చినవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. చచ్చిన మనిషి కాళ్ళు అలా కొట్టుకోవు. అది వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు.

"చూశావా?" అంది నర్సమ్మ తల ఎత్తకుండానే. గొంతు చిన్నగా ఉంది. "ఇది రోగం కాదు. ఇది నీ అరుపు. ఇంకా అరుస్తావా?"

అన్న చేతిలో కర్ర కింద పడలేదు. దాన్ని గోడకు చప్పుడు కాకుండా ఆనించాడు. ఆ జాగ్రత్త చూసి నాకు మొదటిసారి ధైర్యం వచ్చింది. ఈ మనిషికి అర్థమైంది అనుకున్నాను.

మూర్ఛ తగ్గాక నర్సమ్మ ఆ సూది వేసింది. తల్లి గడప దాకా పాకుతూ వచ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని తెచ్చి, పిల్ల ముక్కు దగ్గర పెట్టించాను. వెచ్చని ఊపిరి తగిలేసరికి ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అమ్మా, ఉండాది నా బిడ్డ. ఉండాది," అంది గుసగుసగా. వెంటనే నా గడ్డం పట్టుకుంది. "కానీ కింద వద్దు తల్లీ. నీ కాళ్ళకు మొక్కుతా. నేల మీద నా కళ్ళతో చూడలేను. మంచమెక్కించండమ్మా."

"పడిపోతుంది," అంది నర్సమ్మ.

అటు పడిపోతుందని భయం, ఇటు నేల మీద ఉంటే తల్లి ప్రాణం నిలవదు. తల్లి ఏడిస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. అప్పుడు నా గదిలోని నులకమంచం గుర్తొచ్చింది. మోకాలి ఎత్తు కూడా ఉండదు, నడుమ లోతుగా సాగి ఉయ్యాల మాదిరి ఉంటుంది. అన్నను వెంటబెట్టుకుని పోయి, ఇద్దరం ఎత్తుకొచ్చాం. ఒక పక్క గోడ, ఇంకో పక్క నేను. పిల్ల ఆ లోతులో ఒదిగింది. తల్లి మంచం కోడును తడిమి కళ్ళకద్దుకుంది. ఆ తరువాతి రోజుల్లో డాక్టరయ్య కమ్మరిని పిలిపించి ఒక ఇనపమంచం కాళ్ళు సగానికి కోయించాడు. ఆ పొట్టిమంచం మా దగ్గర చాలా ఏళ్ళు పనిచేసింది. దాన్ని చూసి ఎవరూ మా మీదికి రాలేదు.

తలుపుకు గడియ లేదు. గాలికి కొట్టుకుంటుందేమోనని అన్న బండి పగ్గం తెచ్చి దాన్ని బిగించి కట్టాడు. అప్పుడు నర్సమ్మ ఆయన్ను బయటికి పిలిచింది. నేను గడప దగ్గరే ఉన్నాను.

"నీకు చాలా బలం ఉంది," అంది తన చెయ్యి చూపిస్తూ. మణికట్టు పైన అప్పటికే నల్లగా వాచింది. ఆయన తల దించుకున్నాడు. "ఆ బలం రోడ్డు మీద కావాలి. ఈ రోజు సంత. బండి రాకూడదు, గంట మోగకూడదు. డాక్టరు వచ్చేదాకా. చేస్తావా?"

"చేస్తానమ్మా," అన్నాడు.

సంతరోజు వీధిని గమ్మున ఉంచడమంటే మాటలు కాదు. ముందు తన ఎద్దుల మెడగంటలు విప్పి గడ్డిలో పూడ్చాడు. ఊరివాళ్ళను ఇద్దరిద్దరిగా వీధికి అటు కొసనా ఇటు కొసనా నిలబెట్టాడు. నేను నీళ్ళకు బావి దగ్గరికి పోయినప్పుడు గోడ మీదుగా చూశాను. ఎర్రమంచి వైపు నుంచి చెనిక్కాయల మూటలేసుకుని వచ్చిన బండిని ఆపి, ముక్కుతాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, ఈ రోడ్డు మీ నాయన ఏసిందా?" అంటున్నాడు బండి మనిషి.

"గమ్మున మాట్లాడన్నా. ఆ పక్క సందులో పో. నా చెల్లెలు లోపలుండాది."

"నీ చెల్లెలుంటే నా ఎద్దులేం చేసినాయి?"

"గంటలు. గంటలు మోగితే సచ్చిపోతాదంట."

బండి మనిషి ఆయన ముఖంలోకి చూసి బండి దిగాడు. రెండు చేతులతో రెండు గంటలూ పట్టుకుని, ఎద్దుల మధ్యనుంచి వెనక్కి నడిపించుకుంటూ సందులోకి పోయాడు. ఎదురుగా సత్తుపాత్రలు బాగుచేసే ముసలాయన ఉండేవాడు. "ఒరే, మీ మూలాన ఈ పూట నా సుత్తికి సెలవు" అని బీడీ ముట్టించుకున్నాడు. మేకలను మాత్రం ఎవరూ ఆపలేకపోయారు. అవి అరిచినప్పుడల్లా వీధంతా వాటి వైపు కోపంగా చూసేది.

నర్సమ్మ నా వెనకే బావి దగ్గరికి వచ్చింది. పళ్ళెం గట్టున పెట్టి, అవతలికి పోయి వాంతి చేసుకుంది. ముఖం కడుక్కుంది. నేను తడిగుడ్డ పిండి ఆమె మణికట్టుకు చుట్టాను. ముందున్న నర్సు రైలెక్కిన సంగతి ఆమెకూ తెలుసు.

"ఊరికి పోతావా అమ్మా?" అని అడిగాను.

"ఈ రోజు తీరిక లేదు," అంది. గుడ్డ కొస ముడివేసుకుని, పళ్ళెం ఎత్తుకుని లోపలికి పోయింది.

దెబ్బ కొట్టిన మనిషి బాధలో ఉన్నాడు కాబట్టి దెబ్బ దెబ్బ కాకుండా పోదు. ఈ మాట నేను ఇప్పటికీ గట్టిగానే చెబుతాను. ఆ చెయ్యి నొప్పి ఆమెదే, ఆయనది కాదు. అయినా అదే చెయ్యి ఆ పూటంతా పిల్ల నాడి మీద ఉంది. అలాంటి చేతుల పక్కన పనిచేసే భాగ్యం నాకిచ్చినందుకు ఆ చీకటి గదిలో కూర్చుని దేవుడికి ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో. పిల్లకు ఇంకోసారి మూర్ఛ రాబోయి, వేళ్ళు ఒణికి, ఆగిపోయింది. తల్లి, నేను, నర్సమ్మ ముగ్గురం ఆ వేళ్ళనే చూశాం.

మధ్యాహ్నం బస్సును వీధి మొదట్లోనే ఆపేశారు. హారను కొట్టబోయిన డ్రైవరుకు అన్న రెండు చేతులూ జోడించాడట. డాక్టరయ్య అక్కడినుంచి నడిచి వచ్చాడు. అటూ ఇటూ జనం, బండ్లు, తట్టలు, ఎవరి నోటా మాట లేదు. గేటు దగ్గర చిరిగిన చొక్కాతో కాంపౌండరు ఎదురయ్యాడు.

"ఏమయ్యా, ఊళ్ళో పెద్దవాళ్ళెవరైనా పోయారా?" అన్నాడు డాక్టరయ్య గాభరాగా.

"లేదయ్యా. పోకుండా చూస్తాండాము," అన్నాడు కాంపౌండరు.

చేతులు కడుక్కుంటూ డాక్టరయ్య జరిగిందంతా విన్నాడు. నర్సమ్మ మణికట్టు చూసి ఆయన ముఖం ఎర్రబడింది. "పోలీసులకు కబురు పంపుతాను. వాణ్ణి ఇప్పుడే పట్టిస్తాను," అన్నాడు.

"ఇప్పుడు వద్దు," అంది నర్సమ్మ. "ఆయన్ను తీసుకుపోతే బండ్లు ఎవరు ఆపుతారు? నువ్వు ముందు ఈ పిల్లను చూడు."

కాన్పు కష్టమైంది. డాక్టరయ్య పట్టుకారు వేసి బిడ్డను తీశాడు. మగబిడ్డ. కదలలేదు. నర్సమ్మ తిరగేసి తట్టింది, నోట్లో నోరు పెట్టి ఊదింది, చాలాసేపు చేసింది. బిడ్డలో ప్రాణం లేదు. ఎప్పుడు పోయిందో, తెల్లవారుజాము మూర్ఛల్లోనే పోయిందేమో. పిల్ల మాత్రం మగతలో ఉంది, నాడి కొట్టుకుంటోంది.

"ఈ రాత్రి, రేపు మూర్ఛ రాకుండా ఉంటే బతుకుతుంది," అన్నాడు డాక్టరయ్య గొంతు తగ్గించి. "ఇంత చప్పుడు కూడా పనికిరాదు."

అంటే బిడ్డ పోయిన సంగతి బయట చెప్పాలి, ఒక్క గొంతు కూడా లేవకూడదు. పొద్దున పోనిదానికే తలుపు విరిగింది. ఇప్పుడు నిజంగా పోయింది. కాంపౌండరు కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. డాక్టరయ్య తానే చెబుతానన్నాడు. నర్సమ్మ తల అడ్డంగా ఊపి, బిడ్డను తెల్లగుడ్డలో చుట్టి, నన్ను రమ్మంది.

వెనక వరండాలోకి తల్లిని, అన్నను పిలిచాం. నర్సమ్మకు ఆ మాటకు తెలుగు చిక్కలేదు. నా వైపు చూసింది. నేనే చెప్పాను.

"అమ్మా, బిడ్డ దక్కలేదు. నీ కూతురు ఉండాది. ఇంకా గండం గడవలేదు. ఏడుపు వినపడితే ఆమె కూడా పోతాది."

ఆ అవ్వ, ఆ పూటే అవ్వ అయి ఆ పూటే కాకుండా పోయిన మనిషి, నోరు తెరిచింది. తెరిచిన నోట్లో కొంగు కుక్కుకుంది. రెండు చేతులతో కుక్కుకుని, అలాగే నేల మీద చతికిలపడి, నుదురు స్తంభానికి ఆనించింది. ఒళ్ళంతా ఊగిపోతోంది, చప్పుడు లేదు. అన్న తలగుడ్డ విప్పాడు. దాన్ని రెండు చేతుల మీద పరిచి చాపాడు. నర్సమ్మ బిడ్డను అందులో పెట్టింది. ఆయన ఆమె ముఖంలోకి చూడలేదు. గుడ్డ అంచులు మడిచి, గుండెకు ఆనించుకుని, చెప్పులు అక్కడే విడిచి ఉత్తకాళ్ళతో మెట్లు దిగాడు. గేటు బయట ఊరివాళ్ళు ఆయన చేతుల్లో మూట చూశారు. ఒక్కొక్కరే తలగుడ్డలు విప్పి నోళ్ళకు అడ్డం పెట్టుకుని, ఆయన వెనక నడిచారు. సంతలో అమ్మకాలు చేసుకునేవాళ్ళు కూడా తట్టల ముందు లేచి నిలబడ్డారు. అంతమంది నడుస్తుంటే నాకు వినపడింది దుమ్ములో కాళ్ళ చప్పుడు ఒక్కటే.

కాంపౌండరు నా పక్కన నిలబడి చూస్తున్నాడు. అద్దాలు లేక ఆయనకు ఏమీ ఆనడం లేదు. "ఏం చేస్తాండారమ్మా?" అని అడిగాడు. "పోతాండారు. గమ్మున పోతాండారు," అన్నాను. ఆయన జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకుని, మళ్ళీ తీసి, కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ రాత్రి గడిచింది. మరునాడూ గడిచింది. తల్లి నులకమంచం కోడు దగ్గర కూర్చుని పచ్చినీళ్ళు తప్ప ముట్టలేదు. ఏడుపు వచ్చినప్పుడల్లా కొంగు నోట్లో పెట్టుకునేది. ఆ కొంగు అంచు నలిగి పీలికలైంది. అన్న గేటు దగ్గరే పడుకున్నాడు, తాను కొట్టిన నర్సమ్మతో ఒక్క మాటా మాట్లాడలేదు. క్షమించమని అడిగితే బాగుండేదని నాకనిపించింది. అడగలేదు. నర్సమ్మ కూడా ఎదురుచూసినట్టు లేదు.

మూడోనాటి పొద్దున పిల్ల కళ్ళు తెరిచింది. నన్ను చూసింది, తల్లిని చూసింది. చెయ్యి పొట్ట మీదికి పోయింది. అక్కడే ఆగింది.

"అమ్మా, బిడ్డేడి?"

తల్లి నోటికి కొంగు తీసుకుని నర్సమ్మ కేసి చూసింది. డాక్టరయ్య వచ్చి నాడి చూశాడు, కళ్ళు చూశాడు, కాళ్ళ వాపు నొక్కి చూశాడు. నర్సమ్మతో ఏదో మెల్లిగా అన్నాడు. నర్సమ్మ కిటికీ మీది దుప్పటి లాగేసింది. రెక్కలు రెండూ బార్లా తీసింది. ఎండ నేరుగా పిల్ల ముఖాన పడింది. పిల్ల కళ్ళు చిట్లించి మళ్ళీ తెరిచింది, అంతే.

"ఏడవచ్చునా తల్లీ?" అంది తల్లి.

"ఏడువు," అంది నర్సమ్మ. "గట్టిగా ఏడువు."

అప్పుడు ఆ తల్లి కొంగు వదిలి, కూతుర్ని గుండెలకు హత్తుకుని ఏడ్చింది. రెండు రోజులు ఆపుకున్నదంతా ఒక్కసారి వచ్చింది. వార్డులో రోగులు లేచి కూర్చున్నారు. గేటు దగ్గర అన్న గొంతు ఎత్తి "అమ్మా" అన్నాడు. పిల్ల కూడా ఏడ్చింది, బిడ్డ కోసం, తల్లి మెడ పట్టుకుని, ఎక్కిళ్ళతో. ఇన్నేళ్ళ నా జీవితంలో ఏ మేళమూ నా చెవులకు అంత చల్లగా తగల్లేదు. చెంగు తీసి కళ్ళకద్దుకుని, దేవుడా, నీ దయ అనుకున్నాను.

నర్సమ్మ మంచం పక్కనే నిలబడి, పిల్ల వేళ్ళకేసి చూస్తోంది. ఏడుపు ఎంత పెద్దదైనా ఆ వేళ్ళు బిగుసుకోలేదు.